ముందు మగవాడిని చూడండి

సర్జన్‌గా నా పనికాలమంతా పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లోనే గడిచింది. సర్కారు కొలువులో ఉన్నన్నాళ్ళు కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో మగవాళ్ళ వీర్యనాళాలు కత్తిరించాను. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద అవే నాళాలను కలిపే పని నేర్చుకుని, చేయి వణకనంత కాలం అదే చేశాను. పిల్లల కోసం తిరిగే దంపతులు, వాళ్ళ వెంట వచ్చే అత్తమామలు, పని నేర్చుకుంటామని వచ్చిన కుర్ర డాక్టర్లు పదే పదే అడిగిన ప్రశ్నలకు నేను ఇచ్చిన జవాబులే ఈ పాఠాలు. అంకెలు గుర్తు కోసం వేసినవే, పెద్దాచిన్నా లెక్క కాదు.

1. మొదటి పరీక్ష అబ్బాయిదే

"పెండ్లయి ఏడేండ్లాయె సారూ. తిరగని దవాఖాన లేదు. కోడలికి ఏం లోపమో దొరుకుతలేదు." ఈ మాట చెప్పే అత్తగారి చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. ట్యూబులకు రంగు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, లాపరోస్కోపీ సీడీ, ఫోలికల్ స్కానింగులు, హార్మోన్ సూదుల చీటీలు. అన్నీ కోడలివే. కొడుకు కాగితం ఒక్కటీ ఉండదు. అతను తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటుంటాడు. అతన్ని అడిగితే తల్లే జవాబిస్తుంది: "వానికేం సారూ, మంచిగనే ఉన్నడు."

మంచిగా ఉండడానికీ వీర్యంలో కణాలు ఉండడానికీ సంబంధం లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కారణం ఉంటుంది, ఒక్కోసారి అదొక్కటే, ఒక్కోసారి భార్య వైపు కారణంతో కలిసి. ఆ అమ్మాయికి మత్తు ఇచ్చి పొట్టలో గొట్టం పెట్టే ముందు, కొన్ని వందల రూపాయలతో అయ్యే వీర్య పరీక్ష భర్తకు చేయించాలి. ఇది వైద్యం కంటే ముందు న్యాయానికి సంబంధించిన సంగతి. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకుంటామంటే, కొండగట్టు అంజన్న గుడిలో దీక్ష చేస్తామంటే నేనెప్పుడూ వద్దనలేదు. వెళ్ళే దారిలో కరీంనగర్‌లో ల్యాబులు ఉన్నాయి, అక్కడ ఒక్కసారి ఆగి వెళ్ళమన్నాను, అంతే.

పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండాలి. వచ్చిన వీర్యం మొత్తం డబ్బాలో పడాలి. కొంత కింద పోతే ల్యాబులో ఆ సంగతి చెప్పాలి, సిగ్గుపడి దాచిపెడితే రిపోర్టే తప్పుదారి పడుతుంది. ఇంటి దగ్గర పట్టి తెచ్చేవాళ్ళు దాన్ని ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచి గంటలోపు చేర్చాలి. మా ప్రాంతపు చిన్న ల్యాబుల్లో ఇందుకోసం వేరే గది ఉండదు. బయట పదిమంది కూర్చున్న బాత్‌రూములోకి డబ్బా ఇచ్చి పంపుతారు. ఒక గది, లోపలి గడియ, కొంచెం గోప్యత ఏర్పాటు చేస్తే సగం మంది మగవాళ్ళు ఎదురు చెప్పకుండా పరీక్షకు వస్తారు.

2. 'నిల్' అని వస్తే కథ అయిపోలేదు

రిపోర్టులో కణాలు అసలే లేవని వస్తే ఆ పిల్లవాడి ముఖం చూడలేం. మగవాళ్ళందరినీ లెక్కలోకి తీసుకుంటే నూటికి ఒకరి పరిస్థితి ఇది. సంతానం లేక డాక్టరు దగ్గరికి వచ్చే మగవాళ్ళలో అయితే నూటికి పది, పదిహేను మంది. అయినా ఒక్క రిపోర్టుతో తేల్చేయకుండా మొదట ఇంకోసారి పరీక్ష చేయించాలి. ఆ నమూనాను సెంట్రిఫ్యూజులో తిప్పి అడుగున చేరిన మడ్డిని కూడా మైక్రోస్కోపు కింద వెతకాలి. అందులో నాలుగు కణాలు దొరికినా దారి వేరవుతుంది.

రెండోసారీ సున్నా వస్తే ప్రశ్న ఒక్కటే. కణాలు తయారే కావడం లేదా, తయారైనవి బయటికి రావడం లేదా? గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి నుంచి వచ్చే సింగరేణి కార్మికులకు నేను ఇట్లా చెప్పేవాణ్ణి: లోపల బొగ్గు తెగుతూనే ఉంది, బెల్టు ఆగింది. ఇంకొకరి విషయంలో బెల్టు బాగానే తిరుగుతుంది, లోపల బొగ్గే లేదు. సున్నా వచ్చినవాళ్ళలో దాదాపు పదిమందికి నలుగురు మొదటి రకం, అంటే బెల్టు ఆగినవాళ్ళు. వాళ్ళకు మందుల బిళ్ళలతో ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి తెలియక ఏళ్ళ తరబడి పొడులు, లేహ్యాలు, కౌంటు పెంచే గోళీలు మింగుతారు. మూసుకున్న నాళాన్ని ఏ గోళీ తెరవదు.

రెండో రకం వాళ్ళ కథ వేరు, ఇక్కడ దాని జోలికి పోను. వాళ్ళకు హార్మోన్లు, క్రోమోజోములు చూడాలి. మగవాళ్ళ వై క్రోమోజోములో ముక్కలు లేకపోవడం గురించి హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్‌ల బృందం చేసిన పని మనకు ఈ విషయంలో పెద్ద దన్ను.

3. స్కానింగు రాసే ముందు చెయ్యి పెట్టండి

ఇది కుర్ర డాక్టర్లకు. కణాలు వృషణంలో పుట్టి, దాని వెనక అతుక్కుని ఉండే ఎపిడిడిమిస్‌లోకి వస్తాయి. అది చుట్టలు చుట్టుకున్న ఒకే ఒక్క గొట్టం. విప్పి పరిస్తే ఆరు మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ ముదిరి, ముప్పై సెంటీమీటర్ల పైచిలుకు వీర్యనాళం గుండా పైకి పోయి, ప్రోస్టేటు దగ్గర మూత్రమార్గంలో కలుస్తాయి. ఇంత పొడుగు దారిలో అడ్డు ఎక్కడుందో చాలాసార్లు వేళ్ళకే తెలుస్తుంది.

వృషణాలు మంచి సైజులో, గట్టిగా ఉన్నాయా? ఎపిడిడిమిస్ నిండి ఉబ్బినట్టు తగులుతోందా? వీర్యనాళం రెండు పక్కలా వేళ్ళ మధ్య జారుతూ చిక్కుతోందా? రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను మామూలుగా ఉందా? ఈ నాలుగింటికీ ఔనని జవాబు వస్తే అడ్డు ఉన్నట్టే, దాన్ని తీయగలిగే అవకాశమూ ఉన్నట్టే. గది వెచ్చగా ఉండాలి. డిసెంబరులో ఆదిలాబాదు చలికి సంచి ముడుచుకుపోయి, ఉన్న నాళం కూడా వేళ్ళకు దొరకదు. ఆ నెలలో 'నాళం లేదు' అని రాసి పంపిన చీటీలు పట్టుకుని వచ్చినవాళ్ళకు గది వెచ్చబెట్టి చూస్తే రెండు నాళాలూ చక్కగా దొరికిన సందర్భాలు ఉన్నాయి.

నిజంగానే నాళాలు లేకుండా పుట్టినవాళ్ళూ ఉంటారు. వాళ్ళ వీర్యం పరిమాణం తక్కువగా, ఒకటిన్నర మిల్లీలీటరుకు లోపు, నీళ్ళలా పలచగా ఉంటుంది. ఆమ్ల గుణం ఉంటుంది, ఫ్రక్టోజ్ ఉండదు. ఇది సీఎఫ్‌టీఆర్ అనే జన్యువుకు సంబంధించిన లోపం. కుట్టడానికి అక్కడ నాళమే లేదు కాబట్టి సూదితో కణాలు తీసి ఇక్సీ, అంటే ల్యాబులో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని ఎక్కించే పద్ధతి, చేయించడమే దారి. 1992లో బ్రస్సెల్స్‌లో ఆ పద్ధతి ఫలించింది మొదలు ఇలాంటివాళ్ళకూ సొంత బిడ్డ సాధ్యమైంది. అయితే ఇక్సీకి ముందు భార్యకు కూడా ఆ జన్యు పరీక్ష చేయించాలి. లేకపోతే పుట్టే బిడ్డకు సిస్టిక్ ఫైబ్రోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. వీర్యం ఇలాగే తక్కువగా ఉండి, నాళాలు మాత్రం వేళ్ళకు దొరికితే అడ్డు ప్రోస్టేటు దగ్గర ఉండవచ్చు. దానికి మూత్రమార్గం లోపలి నుంచి చేసే ఆపరేషన్ వేరే ఉంది.

బయాప్సీ గురించి ఒక్క మాట. పైన చెప్పిన గుర్తులన్నీ సరిపోయినప్పుడు అలవాటుగా వృషణం కోసి ముక్క తీయకండి. ప్రతి కోతా మచ్చ మిగులుస్తుంది, రేపు కుట్టేవాడికి ఆ మచ్చే అడ్డుపడుతుంది. నాళంలోకి రంగు ఎక్కించి తీసే ఎక్స్‌రే కూడా అంతే. తీసేదుంటే నాళం కుట్టే రోజున, అదే మత్తులో తీయండి.

4. దారి ఎందుకు మూసుకుందో చిన్నప్పటి నుంచి అడగండి

చాలామందికి కారణం దొరకదు. దొరికే కారణాల్లో మన ప్రాంతానికి తనదైన వరుస ఉంది. అందులో బోదకాలు వ్యాధి ఒకటి. కరీంనగర్ దశాబ్దాలుగా ఫైలేరియా జిల్లాల జాబితాలో ఉంది. డీఈసీ గోళీలు ఇంటింటికీ తిరిగి మింగించిన ఊళ్ళు ఇవి. ఆ వ్యాధిని తెచ్చే పురుగు మగవాళ్ళలో ఎక్కువగా వృషణాల దగ్గరి లింఫు నాళాల్లో కాపురం పెడుతుంది. పదే పదే వాపు, నొప్పి, జ్వరం వస్తాయి. తర్వాత వరిబీజం, అంటే మనవాళ్ళు బుడ్డ అనేది, వస్తుంది. ఆ బుడ్డకు చేసే ఆపరేషన్‌లో తొందరపడితే ఎపిడిడిమిస్‌కే గాయం కావచ్చు. అందుకే బుడ్డ ఆపరేషన్ అయిందా, ఎక్కడ, ఏ వయసులో అని తప్పకుండా అడుగుతాను.

చిన్నతనంలో హెర్నియా ఆపరేషన్ సంగతి మగవాడికి గుర్తుండదు, తల్లికి ఉంటుంది. ఏడాది పిల్లవాడి వీర్యనాళం చాలా సన్నగా ఉంటుంది, అది తెగినా, కుట్టులో బిగుసుకుపోయినా ఆ రోజు ఎవరికీ తెలియదు. పాతికేళ్ళ తర్వాత పెళ్ళయ్యాక తెలుస్తుంది. క్షయ ఎపిడిడిమిస్‌కూ నాళానికీ పాకితే అక్కడక్కడా గడ్డలు కట్టి చాలాచోట్ల మూసేస్తుంది, అలాంటిచోట కుట్టడం వృథా. సెగ రోగాన్ని మందుల షాపులో రెండు గోళీలు కొనుక్కుని సగం మాన్పుకున్నవాళ్ళు ఆ మాట భార్య ముందు చెప్పరు. కాబట్టి మగవాడితో ఒంటరిగా మాట్లాడే సమయం ఉండాలి.

పాతతరంలో ఇంకొక కారణం ఉండేది. అమ్మవారు పోసి బతికిన మగవాళ్ళు కొందరు తర్వాత పిల్లలు లేకుండా మిగిలారు. మశూచికి, ఎపిడిడిమిస్ మూసుకుపోవడానికి సంబంధం ఉందని ముంబైలో డాక్టర్ ఫడ్కే బృందం 1973లో రాసింది. రెండేళ్ళకు, 1975లో, దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. నా తొలి ఉద్యోగపు రోజుల్లో ముఖం మీద స్ఫోటకపు మచ్చలతో, సంతానం లేని పెద్దవాళ్ళు ఊరూరా కనిపించేవారు. వాళ్ళ భార్యలను మాత్రం ఊరు గొడ్రాలు అన్నది.

గవదబిళ్ళలను మాత్రం ఈ జాబితాలో కలపకండి. అవి వృషణాన్ని దెబ్బతీస్తాయి, దారిని కాదు.

5. ఆపరేషన్ చేయించుకున్న మొగవాడు తిరిగి వస్తాడు

ఉత్తర తెలంగాణ గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. దేశమంతా కుటుంబ నియంత్రణ భారం ఆడవాళ్ళ మీద పడితే, కరీంనగర్ జిల్లా మగవాళ్ళ వేసెక్టమీలలో, అంటే వీర్యనాళం కత్తిరించే ఆపరేషన్లలో, ముందు వరుసలో ఉండేది. దానికి నాకు తోచే కారణం బీడీలు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వైపు ఇంట్లో బీడీలు చుట్టే భార్య ఒక వారం పని ఆపితే ఇల్లు కుంటుపడుతుంది. మగవాడు పొద్దున ఆపరేషన్ చేయించుకుని సాయంత్రానికి ఇంటికి నడిచి వస్తాడు. చైనాలో 1974లో లీ షుంచియాంగ్ కనిపెట్టిన కోత లేని, కుట్టు లేని పద్ధతిని ఢిల్లీ మౌలానా ఆజాద్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ కాజా 1990లలో మన దేశపు సర్జన్లకు నేర్పించాక అది ఇంకా తేలికైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో అరవై లక్షలకు పైగా మగవాళ్ళకు బలవంతాన, భయాన చేసిన వేసెక్టమీల మచ్చ ఉత్తరాదిలో ఇప్పటికీ పోలేదు. మా దగ్గర ఆ భయం తక్కువ. ఇది మా మగవాళ్ళ గొప్పతనమనే అంటాను.

అయితే ఇంతమంది చేయించుకున్నచోట కొందరు తిరిగి రావడం సహజం. చెరువులో పడి కొడుకు పోయాడని వస్తారు. రాజీవ్ రహదారి మీద యాక్సిడెంటులో ఇద్దరు పిల్లలూ పోయిన తండ్రి వస్తాడు. భార్య చనిపోయి రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళు వస్తారు. వాళ్ళను 'అప్పుడు ఎందుకు చేయించుకున్నావు' అని అడిగే డాక్టరు ఆ కుర్చీలో కూర్చోకూడదు.

ఇంకొక రకం మనుషులు ఈ జిల్లాల్లోనే ఎక్కువ. జగిత్యాల రైతాంగ పోరాటం, ఇంద్రవెల్లి కాల్పులు జరిగిన నేల ఇది. 1980లో నక్సలైట్ల పీపుల్స్ వార్ పార్టీ ఏర్పడ్డాక ఇక్కడి నుంచి ఎందరో అడవిలోకి పోయారు. దళంలో పెళ్ళికి ఒప్పుకున్నా పిల్లలు వద్దని మగవాళ్ళకు వేసెక్టమీ చేయించేవారని బయటికి వచ్చినవాళ్ళే చెప్పారు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో లొంగిపోయినవాళ్ళకు నాళాలు తిరిగి కలిపించినట్టు పోలీసు అధికారులు ప్రకటించారు కూడా. ఇలాంటివాళ్ళ దగ్గర కాగితం ఉండదు. ఎవరు చేశారో, ఎంత ముక్క తీశారో, ఏ ఏడాదో సరిగ్గా చెప్పలేరు. నడివయసు, జుట్టు నెరిసిన మనిషి వచ్చి "మాకు ఒక్క బిడ్డ కావాలె డాక్టర్" అని తలొంచుకుని అడుగుతాడు. రాజకీయం మీద నా అభిప్రాయం నాకుంది. టేబుల్ మీద దానికి చోటు లేదు.

6. ఏళ్ళు లెక్కపెట్టండి

వేసెక్టమీ అయి ఎన్నేళ్ళయిందన్నది ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అమెరికాలో పదిహేను వందలకు కొంచెం తక్కువ మందికి చేసిన నాళాలు కలిపే ఆపరేషన్లను లెక్కించి 1991లో ఒక పెద్ద లెక్క ప్రచురించారు. మూడేళ్ళ లోపు వచ్చినవాళ్ళలో 97 శాతానికి వీర్యంలో కణాలు తిరిగి వచ్చాయి, 76 శాతం మంది భార్యలు గర్భం దాల్చారు. మూడు నుంచి ఎనిమిదేళ్ళయితే 88, 53. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళయితే 79, 44. పదిహేనేళ్ళు దాటితే 71, 30.

రెండు అంకెల మధ్య తేడా చూడండి. కణాలు రావడం వేరు, బిడ్డ రావడం వేరు. డాక్టరు చెప్పే 'సక్సెస్' ఈ రెండింటిలో ఏదో అడిగి తెలుసుకోవాలి. ఆలస్యం అయ్యేకొద్దీ వెనక ఒత్తిడికి ఎపిడిడిమిస్‌లో ఇంకో చోట పగిలి మూసుకుంటుంది. అప్పుడు నాళాన్ని నాళానికి కలిపితే చాలదు, ఎపిడిడిమిస్‌కే కలపాలి. కణాల మీద రక్తంలో ప్రతిరోధకాలు పుడతాయని భయపెడతారు గానీ, చాలామందిలో అవి ఉన్నా గర్భానికి అడ్డం రావు.

7. టేబుల్ మీద ఏం జరుగుతుందంటే

వీర్యనాళం బయటి మందం రెండు మూడు మిల్లీమీటర్లు. లోపలి దారి మాత్రం మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం. ఎపిడిడిమిస్ గొట్టం ఇంకా సన్నం, మిల్లీమీటరులో ఐదో వంతు, గోడ దాదాపు కనపడనే కనపడదు. వీటిని కుట్టేది టెన్-జీరో నైలాన్‌తో. అది తలవెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. కింద పడితే వెతకడం దండగ, ఇంకోటి విప్పాల్సిందే. కంటితో కుట్టవచ్చు గదా అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. కొందరికి కుదిరింది కూడా. ముంబైలో పాత తరం సర్జన్లు 1960లలోనే మైక్రోస్కోపు లేకుండా ఎన్నో నాళాలు కలిపారు. కానీ 1970ల మధ్యలో అమెరికాలో సిల్బర్, ఆస్ట్రేలియాలో ఓవెన్ మైక్రోస్కోపు కింద పొరకు పొర కలిపి చూపించాక వెనక్కి చూడాల్సిన పని లేకుండా పోయింది. ఎపిడిడిమిస్‌కు కలిపే ఆలోచన అయితే ఇంకా పాతది. 1902 నాటికే ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ మార్టిన్ సన్నని వెండి తీగతో ఆ పని చేశాడు.

సర్జన్ తెలివి కుట్టడంలో కంటే ముందు ఒక నిమిషంలో బయటపడుతుంది. నాళాన్ని వృషణం వైపు కోసి, వచ్చే చుక్కను గాజు పలక మీద వేసి పక్కనున్న మైక్రోస్కోపులో చూస్తాం. చుక్క నీళ్ళలా తేటగా ఉందా, పాలలా ఉందా, పేస్టులా చిక్కగా ఉందా? కణాలు ఉన్నాయా, తోకలు తెగిన తలలైనా ఉన్నాయా? కణాలు కనిపిస్తే, లేదా తేట నీరు ధారాళంగా వస్తే నాళాన్ని నాళానికి కలపవచ్చు. పేస్టులా ఉండి కణం ఒక్కటీ లేకపోతే అడ్డు ఇంకా వెనక ఉన్నట్టు. అప్పుడు ఎపిడిడిమిస్ విప్పి, ఉబ్బిన చుట్టను వెతికి, దాని పక్కగోడను తెరిచి, ఆ గొట్టాన్ని నాళంలోకి లోనికి జారేలా రెండు సూదులతో కూర్చాలి. 2000 తర్వాత స్థిరపడిన ఈ రెండు సూదుల పద్ధతి పనిని చాలా సులువు చేసింది. అయినా రెండు పక్కలా కలపడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. నాళం మీద లాగుడు ఉండకూడదు, రక్తనాళాలు పోకూడదు, ఒక్క చుక్క కూడా కుట్టు సందుల్లోంచి కారకూడదు.

కాబట్టి ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను ఈ ప్రశ్న అడగండి: "లోపల కణాలు కనిపించకపోతే మీరు ఎపిడిడిమిస్‌కు కలపగలరా?" కలపలేనంటే ఆ ఆపరేషన్ వేరొకరి దగ్గర చేయించుకోండి. సగం పని చేసి మూసేస్తే రెండోసారి చేసేవాడికి మచ్చల మధ్య వెతుక్కోవలసి వస్తుంది. హైదరాబాదులో డాక్టర్ సుధాకర్ కృష్ణమూర్తి ఆండ్రాలజీని ఒక ప్రత్యేక వైద్యంగా నిలబెట్టారు. మా జిల్లాల నుంచి పట్నం పోయి మైక్రోస్కోపు పని చూసి వచ్చిన కుర్రవాళ్ళూ ఉన్నారు. పని నేర్చుకునేవాడు మొదట సిలికాన్ గొట్టం మీద, తర్వాత ఎలుక నాళం మీద నెలల తరబడి కుట్టాలి. మనిషి మీద నేర్చుకోకూడదు.

8. దుబాయి టికెట్టు ముందే కొనకండి

ఇది పక్కా మా ప్రాంతపు సమస్య. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో చాలా ఇళ్ళలో ఒకరు గల్ఫులో ఉంటారు. రెండేళ్ళకు ఒకసారి రెండు నెలల సెలవు మీద వస్తాడు. ఆ రెండు నెలల్లో పరీక్ష, ఆపరేషన్, గర్భం అన్నీ అయిపోవాలంటాడు. శరీరానికి ఆ తొందర తెలియదు. కణం పుట్టి ముదరడానికే రెండున్నర, మూడు నెలలు పడుతుంది. నాళాన్ని నాళానికి కలిపితే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కణాలు కనిపిస్తాయి. ఎపిడిడిమిస్‌కు కలిపితే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. అది కూడా అందరికీ కాదు. మంచి చేతుల్లో సగం మందికి అటూ ఇటూగా కణాలు వస్తాయి, గర్భాలు అంతకంటే తక్కువ.

ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు వారాలు కలయిక వద్దు, బరువులు వద్దు, లంగోటీ లాంటి బిగువు లోదుస్తు రాత్రీ పగలూ ఉండాలి. తర్వాత ప్రతి రెండు మూడు నెలలకు వీర్య పరీక్ష. సెలవు పొడిగించుకోలేనివాడు రెండు పనులు చేయవచ్చు. ఆపరేషన్ రోజే దొరికిన కణాలను ఫ్రీజ్ చేయించుకోవాలి. కణాలు తిరిగి వచ్చాక, విమానం ఎక్కే ముందు మరోసారి దాచుకోవాలి. కలిపిన చోటు కొందరిలో కొన్ని నెలలకు మళ్ళీ మూసుకుంటుంది. దాచినవి ఉంటే అప్పుడు అక్కరకొస్తాయి.

9. ఆమె వయసు చూడకుండా అతనికి కోత పెట్టకండి

మా మైక్రోసర్జన్లకు ఒక పక్షపాతం ఉంది: అన్నీ కుట్టేయాలనుకుంటాం. ఐవీఎఫ్ కేంద్రాల వాళ్ళకు దానికి ఎదురు పక్షపాతం. రెండింటి మధ్య నిలబడి చూడాల్సింది భార్య వయసు. ఆమెకు ముప్పై లోపు, ట్యూబులు బాగున్నాయి, అడ్డు కుట్టదగ్గది అయితే నా ఓటు ఆపరేషన్‌కే. ఒక్కసారి దారి తెరుచుకుంటే ఇద్దరు పిల్లలు కూడా ఇంట్లో, మామూలుగా, ఏ సూదులూ లేకుండా పుట్టవచ్చు. ఐవీఎఫ్‌లో ప్రతి ప్రయత్నానికీ లక్షన్నర, రెండు లక్షలు, సూదులన్నీ ఆమెకే. లోపం అతనిది, సూదులు ఆమెకు. ఈ ఒక్క కారణానికే నేను మైక్రోసర్జరీ వైపు మొగ్గుతాను.

ఆమెకు ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది దాటితే, లేదా అండాలు తగ్గిపోతుంటే, ఏడాది ఎదురుచూడమని చెప్పడం మోసమే. అలాగే ఆమె ట్యూబులు మూసుకుపోయినా, అతని దారి పలుచోట్ల మూసుకుపోయినా ఇక్సీకే పొండి. వెళ్ళేముందు ఆ కేంద్రం సంతాన సాఫల్య కేంద్రాల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద నమోదైందో లేదో గోడ మీద చూడండి. 2025 జూలైలో సికింద్రాబాదులో ఒక కేంద్రం మీద పోలీసు కేసు నమోదయ్యాక ఇంత మాత్రం చెప్పక తప్పదు.

10. మగతనానికీ దీనికీ సంబంధం లేదు

అడ్డు ఉన్నవాడి కోరికలో, గడ్డంలో, బలంలో, వీర్యం పరిమాణంలో చాలావరకు తేడా ఉండదు. వీర్యంలో కణాల వాటా చాలా చిన్నది. మిగతాదంతా సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేటు ఇచ్చే ద్రవం. అబ్బాయి తల్లిదండ్రులకు ఇది ఒక్కసారి బొమ్మ గీసి చెబితే సగం గొడవ తీరుతుంది. కోడలిని పుట్టింటికి పంపిస్తామన్నవాళ్ళు నోరు మూసుకోవడం నేను చూశాను.

11. ఈ పని జిల్లాకు రావాలి

2008లో ఆదిలాబాదుకు రిమ్స్ వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. నేను కొలువులో చేరినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఒక్క వైద్య కళాశాల కూడా లేదు. చెవి, ముక్కు, గొంతు విభాగంలోనూ కంటి విభాగంలోనూ ఆపరేటింగ్ మైక్రోస్కోపులు ఉంటాయి. నాళం కుట్టడానికి దాదాపు అలాంటివే సరిపోతాయి. కావలసింది శిక్షణ పొందిన ఒక సర్జన్, ఒక సెట్టు సన్న పరికరాలు, ల్యాబులో నమ్మకంగా వీర్యం చూడగల ఒక టెక్నీషియన్.

మగవాడి నాళాన్ని కత్తిరించేటప్పుడు సర్కారు ఊరూరికీ వచ్చి, ఉచితంగా చేసి, చేతిలో డబ్బు పెట్టి పంపింది. బిడ్డలు పోయిన తండ్రి దాన్ని కలిపించుకోవడానికి మాత్రం పొలం అమ్మి పట్నం పోవాలా? ఈ కళాశాలల్లో ఒక్కటైనా, కరీంనగరో ఆదిలాబాదో, వారానికి ఒక రోజు ఈ ఆపరేషన్‌కు కేటాయించి ఉచితంగా చేయాలని ఆరోగ్యశాఖ మంత్రికి, వైద్య విద్యా సంచాలకులకు ఈ వృద్ధ సర్జన్ విన్నపం.